ఆడ ఎలుక బయట చేరింది

"స్త్రీవాదులు చివరికి ఎలుకల్ని కూడా వదలరా?" అని నవ్వబోయేవాళ్లకి ముందుగానే ఒక మాట. ఆడ ఎలుకని వేరుగా చూసింది మేం కాదు. దాన్ని ప్రత్యేకంగా గుర్తించి, పనికిరాదని పక్కన కూర్చోబెట్టింది ప్రయోగశాలే. ఎందుకు పనికిరాదో కూడా దశాబ్దాల తరబడి తన పరిశోధనా పత్రాల్లో తనే రాసుకుంటూ వచ్చింది. ఆడ జంతువుకి హార్మోన్ల చక్రం ఉంటుందట. ఆ హెచ్చుతగ్గుల వల్ల లెక్కలు చెదిరిపోతాయట. ప్రయోగం "శుభ్రంగా" రావాలంటే మగ ఎలుకలే మేలట.

ఈ వాదన మన ఆడవాళ్లకి కొత్తదేమీ కాదు. "బయట చేరింది", "దూరంగా ఉంది", "అటు వెళ్లకు, అంటవుతుంది" అనే మాటల మధ్యే మనలో చాలామందిమి పెరిగాం. ఇంట్లోవాళ్లు మూడు రోజులు దూరంగా కూర్చోబెడితే మూఢత్వమన్నాం, దాని మీద కథలు, కవితలు రాశాం, పోట్లాడాం. అదే అంటుకి "వేరియబిలిటీ" అని పేరు పెట్టి, మూడు రోజులు కాక ఏడాది పొడుగునా బయట ఉంచితే మాత్రం దాన్ని శాస్త్రీయ పద్ధతి అని గౌరవించాం. పైగా ఎలుకకి మనలాగా నెలసరి కూడా రాదు. నాలుగైదు రోజులకొకసారి దాని ఒంట్లో హార్మోన్లు పెరిగి తగ్గుతాయి, అంతే. రక్తం కూడా చూడకుండానే మైల అంటగట్టారన్నమాట.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. అంటురోగాల మందుల మీద, టీకాల మీద వచ్చే పత్రాల్ని ఒక పాఠ్యంగా చదవడం మొదలుపెట్టాక నన్ను మొట్టమొదట ఆపింది వాటి వ్యాకరణం. వాటిలో కర్త ఉండడు. "ఎలుకలు వాడబడ్డాయి." ఎవరు వాడారో ఉండదు. "ఎనిమిది వారాల వయసు ఎలుకలు" అని ఉంటుంది, ఆడవో మగవో చాలాసార్లు ఉండదు. చివర్లో చంపడం గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఇంగ్లీషులో వాళ్లు వాడే మాట "సాక్రిఫైస్". అంటే బలి. ఇంత పొడి భాషలోకి గుడి ముందరి మాట ఒకటి ఎలా వచ్చి కూర్చుందో! బలిలో ఇచ్చేవాళ్లుంటారు, ఎవరి మేలు కోసం ఇస్తున్నామో చెప్పుకునే సంకల్పం ఉంటుంది. మరి ఈ బలి ఎవరి పేరున జరుగుతోంది? "మానవాళి" పేరున. ఆ మానవాళిలో మనం ఉన్నామా అన్నదే నా ప్రశ్న.

లెక్కలు చూద్దాం. అనలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో వెలువడిన జంతు పరిశోధనల్ని తిరగేసి 2011లో ఒక సమీక్ష ప్రచురించారు. పది జీవశాస్త్ర రంగాల్ని తీసుకుంటే ఎనిమిదింటిలో మగ జంతువులదే పైచేయి. నాడీశాస్త్రంలోనైతే ఒకే లింగం మీద చేసిన అధ్యయనాల్లో ఆడవాటితో చేసింది ఒకటైతే మగవాటితో చేసినవి ఐదున్నర. ఇక ఆ హెచ్చుతగ్గుల భయం సంగతి. 2014లో జుకర్, మరో ఇద్దరు కలిసి 293 పత్రాల్లోని కొలతల్ని ఒకచోట చేర్చి చూశారు. చక్రంలో ఏ రోజన్నది పట్టించుకోకుండా తీసుకున్నా సరే, ఆడ ఎలుకల ఫలితాలు మగవాటి ఫలితాల కంటే ఎక్కువ చెదిరిపోలేదు. కొన్ని లక్షణాల్లోనైతే మగవే ఎక్కువ చెదిరాయి. మగ ఎలుకల్ని ఒకే బోనులో పెడితే కొట్టుకుంటాయి, ఒకటి పెత్తనం చేస్తుంది, మిగతావి అణగుతాయి, దాంతోపాటే వాటి హార్మోన్లూ మారతాయి. ఆ హెచ్చుతగ్గులు మాత్రం ఎవరికీ గొడవ అనిపించలేదు. మగవాడి కోపం స్వభావం, ఆడదాని చక్రం లోపం. ఈ సూత్రం మన ఇళ్లలో ఎంత పాతదో ప్రయోగశాలలోనూ అంతే పాతది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది సబబైనదే. రోగనిరోధకశక్తి మీద జరిగే పరిశోధనల్లో మగ ఎలుకల కంటే ఆడ ఎలుకల్నే ఎక్కువ వాడతారు కదా అని. నిజమే. బీరీ, జుకర్‌ల సమీక్షలోనూ ఈ రంగం ఆడవైపే మొగ్గింది. క్షయ మందుల్నీ, కొత్త టీకాల్నీ పరీక్షించేటప్పుడు చాలా ప్రయోగశాలలు ఆడ చిట్టెలుకల్నే తెప్పించుకుంటాయి. కారణం మాత్రం వినండి. అవి కొట్టుకోవు. ఒకే బోనులో ఐదింటిని పెట్టినా సర్దుకుపోతాయి, బోన్ల ఖర్చు కలిసొస్తుంది. అంటే చక్రం ఉంది కనక వద్దన్నది ఒకచోట, అణకువ ఉంది కనక రమ్మన్నది ఇంకోచోట. రెండు చోట్లా దాన్ని ఆడదిగా అర్థం చేసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పనికి పిలిచి, పేరు అడగని ఇల్లు లాంటిది ఇది. లోకంలో ఆడవాళ్ల కంటే మగవాళ్లకే క్షయ ఎక్కువగా సోకుతోంది. కాబట్టి ఆడ ఎలుకల మీద మాత్రమే చూసి ఊరుకుంటే నష్టపోయేది మగవాళ్లు కూడా. మగవాడి స్థానంలో ఆడదాన్ని కూర్చోబెట్టమని అడగడానికి నేను ఇది రాయడం లేదు. ఒకరిని చూసి ఇద్దరినీ చూశామనుకునే అలవాటు మీదే నా పోట్లాట.

ఆ అలవాటు చరిత్రనీ ఎలా చెరిపేస్తుందో చూడండి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ప్రయోగశాల చిట్టెలుక జాతి పేరు సి57 బ్లాక్ 6. అందులోని 57 ఒక ఆడ ఎలుక సంఖ్య. 1921లో క్లారెన్స్ లిటిల్ అనే జన్యుశాస్త్రవేత్త ఆ 57వ నంబరు ఆడ ఎలుకనీ 52వ నంబరు మగ ఎలుకనీ కలిపి ఈ వంశాన్ని మొదలుపెట్టాడు. ఆ ఎలుకలు వచ్చింది మసాచుసెట్స్‌లోని గ్రాన్బీ అనే ఊళ్లో ఎలుకలు పెంచుకునే అబ్బీ లాత్రాప్ దగ్గర్నుంచి. ఆమె ఒకప్పటి బడిపంతులమ్మ. ఇంట్లో వేల ఎలుకలు పెంచి అమ్మింది. వాటికి రొమ్ములో గడ్డలు లేస్తున్నాయని గమనించి, శాస్త్రవేత్త లియో లోబ్‌తో కలిసి ప్రయోగాలు చేసి పత్రాలు ప్రచురించింది. అండాశయాలు తీసేసిన ఎలుకల్లో ఆ గడ్డలు తగ్గుతాయని వాళ్లు చూపించారు. హార్మోన్లకీ జబ్బుకీ సంబంధం వెతికిన తొలితరం పరిశోధనల్లో అదొకటి. అలాంటి మనిషి చేతుల మీదుగా వచ్చిన వంశంలోనే ఆడ హార్మోన్లు "చిరాకు" అయిపోయాయి.

మందుల కథలోనూ ఇదే వరస. క్షయకి తొలి సమర్థమైన మందు స్ట్రెప్టోమైసిన్. దాన్ని ప్రకటించిన 1944 నాటి పత్రం మీద మూడు పేర్లున్నాయి: ఆల్బర్ట్ షాట్జ్, ఎలిజబెత్ బూగీ, సెల్మన్ వాక్స్‌మన్. పేటెంటు దగ్గరికి వచ్చేసరికి రెండే మిగిలాయి. బూగీ పేరు లేదు. రేపోమాపో పెళ్లి చేసుకుని కాపురానికి పోయేదానివి, నీకు పేటెంటెందుకన్న ధోరణిలో తనకి నచ్చజెప్పారని ఆమె తర్వాత చెప్పుకుంది. బోనులో ఆడ ఎలుకనీ, బల్ల దగ్గర ఆడ శాస్త్రవేత్తనీ పక్కకు జరిపిన చెయ్యి ఒకటే.

ఇంతకీ ఆడ మగ తేడా వెతికితే నిజంగా ఏమైనా కనబడుతుందా? వెతికినవాళ్లకి కనబడింది. ఫ్లూ వైరస్ సోకిన ఎలుకల్లో, వైరస్ ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నా, ఆడవే ఎక్కువ జబ్బుపడ్డాయని అమెరికాలో సబ్రా క్లీన్ బృందం 2011లో చూపించింది. వాటిని దెబ్బతీసింది వైరస్ ఒక్కటే కాదు, దాని మీదికి విరుచుకుపడ్డ వాటి సొంత రోగనిరోధక వ్యవస్థ కూడా. ఈస్ట్రోజన్ ఎక్కువ మోతాదులో ఇస్తే ఆ తీవ్రత తగ్గింది. సార్స్ వైరస్ దగ్గర కథ తిరగబడింది. 2017లో వెలువడిన అధ్యయనంలో మగ ఎలుకలే ఎక్కువగా చచ్చిపోయాయి. ఆడ ఎలుకల అండాశయాలు తీసేసినా, ఈస్ట్రోజన్ పనిని అడ్డుకున్నా అవి కూడా చావడం మొదలుపెట్టాయి. మూడేళ్లు తిరక్కుండానే కోవిడ్ వచ్చి మగవాళ్లని ఎక్కువగా పొట్టన పెట్టుకున్నప్పుడు ఈ ఎలుకల కథ అందరికీ గుర్తొచ్చింది. ఆడది బలహీనురాలనో, ప్రకృతే ఆమెను బలవంతురాల్ని చేసిందనో తేల్చేయడానికి ఈ ఫలితాల్లో చోటు లేదు. ఏ రోగానికి ఆ రోగం అడిగి చూడాల్సిందే.

అడక్కపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1980లలో పసిపిల్లల్ని తట్టు నుంచి తొందరగా కాపాడాలని, మామూలు టీకా కన్నా వైరస్ మోతాదు చాలా ఎక్కువున్న కొత్త టీకాని తయారుచేశారు. తొమ్మిదో నెల దాకా ఆగకుండా ఆరో నెలకే ఇవ్వొచ్చన్నది ఆశ. తట్టుని అది ఆపింది కూడా. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. గినీ బిసావ్, సెనెగల్, హైతీల్లో టీకా వేసిన పిల్లల్ని కొన్నేళ్లపాటు గమనిస్తే, మామూలు టీకా తీసుకున్న ఆడపిల్లల కంటే ఈ టీకా తీసుకున్న ఆడపిల్లలు ఎక్కువగా చనిపోతున్నారని బయటపడింది. తట్టుతో కాదు, ఇతరత్రా జబ్బులతో. మగపిల్లల్లో ఆ తేడా లేదు. 1992లో సిఫారసుని వెనక్కి తీసుకున్నారు. కారణమేమిటన్న వాదోపవాదాలు అప్పటినుంచీ నడుస్తూనే ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించేది ఒకటే. ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి ఒకే అంకె చేసి ఊరుకుని ఉంటే ఆ చావులు సగటులో కలిసిపోయేవి.

మోతాదు మాటకొస్తే, 2008లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం ఫ్లూ టీకాని కొందరికి పూర్తిగా, కొందరికి సగం ఇచ్చి చూసింది. సగం మోతాదు తీసుకున్న ఆడవాళ్లలో పుట్టిన ప్రతిరక్షకాలు పూర్తి మోతాదు తీసుకున్న మగవాళ్లతో ఇంచుమించు సమానం. ఆ తర్వాత కూడా ఇద్దరికీ ఒకే సూది, ఒకే మోతాదు. ఆడవాళ్లకి సూది వేసిన చోట వాపు, జ్వరం ఎక్కువగా వస్తున్నాయంటే "మీరు మరీ సుకుమారం" అనే జవాబు.

నెవిరపిన్ సంగతి మన రాష్ట్రంలో చాలామంది ఆడవాళ్లు ఒళ్లంతా తెలుసుకున్నారు. హెచ్.ఐ.వి.కి అమెరికాలో 1996లో అనుమతి పొందిన మందు అది. 2004 ఏప్రిల్‌లో మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు తొలి వరస మందుల్లో అదొకటి. హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందువరసలో ఉండేది. ఆ మందు ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ దాని వల్ల వచ్చే దద్దుర్లు, కాలేయం దెబ్బతినడం ఆడవాళ్లలో ఎక్కువ. సిడి4 కణాలు 250 కన్నా ఎక్కువున్నప్పుడు ఈ మందు మొదలుపెట్టిన ఆడవాళ్లకి, తక్కువున్నవాళ్లతో పోలిస్తే కాలేయ ప్రమాదం 12 రెట్లని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005 జనవరిలో హెచ్చరించింది. అనుమతి ఇచ్చిన తొమ్మిదేళ్లకి! ఈ తొమ్మిదేళ్లలో ఆ సమాచారం పుట్టింది ఎక్కడ? ఆడవాళ్ల ఒళ్ల మీద. ఎలుకలో అన్నీ తెలిసిపోవని నాకూ తెలుసు. అయితే ఎలుక దగ్గర అడిగే అలవాటు లేని శాస్త్రానికి మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటు హఠాత్తుగా రాదు.

కోవిడ్ టీకాలప్పుడు ఇదే చూశాం. నెలసరికి ముందూ వెనకా ఐదు రోజులు టీకా వేయించుకోకూడదని 2021 ఏప్రిల్‌లో మన ఫోన్లన్నిటికీ ఒక సందేశం వచ్చింది. అది అబద్ధమని ప్రభుత్వం ప్రకటించింది, సరైన పనే చేసింది. కానీ టీకా వల్ల నెలసరిలో ఏమైనా తేడా వస్తుందా అన్న ఆడవాళ్ల ప్రశ్నకి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. టీకా పరీక్షల్లో నెలసరి గురించి అడగనే లేదు కనక. 2022 జనవరిలో దాదాపు నాలుగు వేలమంది అమెరికన్ స్త్రీల వివరాలతో జవాబొచ్చింది. చక్రం సగటున ఒక రోజు కంటే తక్కువే ఆలస్యమవుతోంది, తర్వాత సర్దుకుంటోంది అని. భయపడాల్సిన పని లేదనే ఈ చిన్న మాట ఏడాది ముందే చేతిలో ఉండి ఉంటే పుకారుకి అంత చోటు దొరికేది కాదు.

గర్భిణుల సంగతి ఇంకా అన్యాయం. మన దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. గర్భిణులకి అనుమతి వచ్చింది జూలై 2న. మధ్యలో రెండో అల వచ్చి పోయింది. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కోవిడ్ సోకిన గర్భిణుల్లో, బాలింతల్లో మరణాల రేటు మొదటి అలలో 0.7 శాతం, రెండో అలలో 5.7 శాతం. "సమాచారం లేదు కనక ఆగండి" అన్నారు. ఆ సమాచారం ఎందుకు లేదు? కట్టిన జంతువుల మీద పరీక్షలు మందుల వరసలో ఆఖర్న వస్తాయి కనక. చేసినప్పుడు కూడా ఆ పరీక్షలు ప్రధానంగా అడిగేది పిల్ల సంగతి. పిండం దెబ్బతిందా, ఈత సరిగా జరిగిందా అని. కడుపుతో ఉన్న తల్లి ఒంట్లో రోగనిరోధకశక్తి ఎలా మారుతుంది, ఆమెకి మందు ఎంత కావాలి అన్నవి వెనకబడతాయి. "పిల్ల క్షేమమేనా?" అని అడిగి తల్లిని మర్చిపోయే పురిటిగది మనకి తెలియనిది కాదు.

ఇక ఖమ్మం. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే హెచ్.పి.వి. టీకాని పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకి వేశాయి. పది నుంచి పద్నాలుగేళ్లవాళ్లు. చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వాటి మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 వాటి మీద వేలిముద్రలు. పిల్లల మరణాలకి టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. టీకా పనికొచ్చేదే, అదీ నిజమే. మహిళా సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నాకిక్కడ కనబడేదేమిటంటే, అడగాల్సిన ప్రయోగశాలలో ఆడ శరీరం కనబడదు, అడక్కుండా సూది వేయగలిగిన హాస్టల్లో మాత్రం వేలకొద్దీ కనబడుతుంది. అందులోనూ ఎవరి శరీరం? మాట చెల్లని కులానిది, మాట చెల్లని తెగది. "మేమేమన్నా ప్రయోగాల ఎలుకలమా?" అన్నది ఇలాంటిచోట పుట్టే కోపం. ఎలుకకైనా మన చట్టం ప్రకారం ఒక నైతిక సంఘం అనుమతి కావాలి. ఆ పిల్లలకి వార్డెన్ సంతకం చాలింది.

ఇంతా చెప్పాక ఇద్దరికి జవాబు చెప్పాలి. మొదటిది జీవకారుణ్యం మాట్లాడే మిత్రులకి. "అయితే ఇంకొన్ని ఆడ ఎలుకల్ని చంపమంటావా?" అని అడుగుతారు. వద్దు. ఇరవై మగ ఎలుకలతో చేసేదాన్ని పది మగ, పది ఆడతో చేస్తే మందు పనిచేస్తుందా లేదా అన్నది అంతే బాగా తెలుస్తుంది, ఇద్దరి మధ్య పెద్ద తేడా ఉంటే అదీ బయటపడుతుంది. సగం లోకానికి వర్తిస్తుందో లేదో తెలియని ఫలితం కోసం చంపిన ప్రాణమే వృథా ప్రాణం. జంతువుల్ని తగ్గించాలన్న పట్టుదలలో నేనూ మీవైపే. 2022 చివర్లో అమెరికా, 2023లో మన దేశం జంతువులు లేని పరీక్షలకి చట్టంలో దారి తెరిచాయి. సంతోషమే. కానీ గాజు పలక మీద పెంచే కణాలకీ లింగం ఉంటుంది. ఆ కణాలు ఎవరివని ఇప్పుడే అడక్కపోతే ఎలుక పోయినా పాత అంటు మిగిలిపోతుంది.

రెండోది మన శిబిరంలోని వాళ్లకి. శరీరం పేరు చెప్పే కదా మనల్ని వంటింట్లో కట్టేశారు, మళ్లీ మనమే హార్మోన్లు, అండాశయాలు అని మాట్లాడటమేమిటి అని కొందరు ఇబ్బంది పడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే శరీరం మన తలరాత అనడం వేరు, మన శరీరానికి సరిపడా మందు కావాలనడం వేరు. క్షయ వచ్చిన కోడలు దగ్గు దాచుకోవడానికి కారణం హార్మోన్లు కాదు, అత్తవారిల్లు. ఆమె మందులు మింగాక కాలేయం ఏమవుతుందో చెప్పడానికి మాత్రం స్త్రీవాద సిద్ధాంతం చాలదు, జీవశాస్త్రం కావాలి. రెంటినీ కలిపి అడగగలిగేది మనమే. మనం మొహమాటపడి తప్పుకుంటే ఆ బల్ల దగ్గర మన తరఫున కూర్చునేవాళ్లెవరూ లేరు.

2014లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఈ పక్షపాతాన్ని ఒప్పుకుని, 2016 జనవరి నుంచి తన నిధులు అడిగేవాళ్లు జంతువుల లింగాన్ని లెక్కలోకి తీసుకోవాలని నిబంధన పెట్టింది. ఫలితం కొంత కనబడింది. రెండు లింగాలనీ వాడిన పత్రాలు 2009లో 28 శాతమైతే 2019కి 49 శాతమయ్యాయి. వాడినవాళ్లలో సగానికి పైగా ఫలితాల్ని విడదీసి మాత్రం చూపలేదు. లోపలికి రానిచ్చారు, మాట్లాడనివ్వలేదు.

మన హైదరాబాదు టీకాల రాజధానినని చెప్పుకుంటుంది. జీనోమ్ వ్యాలీ ఇక్కడుంది, సీసీఎంబీ ఇక్కడుంది, దేశంలోని ప్రయోగశాలలకి ఎలుకల్ని పెంచి ఇచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. ఆ గొప్ప చెప్పుకునే ఊరు కొన్ని పనులు చేసి చూపించాలి. ప్రజల డబ్బుతో చేసే ఏ జంతు ప్రయోగంలోనైనా ఒకే లింగాన్ని తీసుకుంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. "చక్రం ఉంది కనక" అనేది కారణంగా చెల్లకూడదు. ఫలితాలు ఆడ మగ విడివిడిగా అచ్చు కావాలి, తేడా లేకపోతే లేదనే అచ్చు కావాలి. గర్భిణులకి అవసరమయ్యే మందుల విషయంలో కట్టిన జంతువుల పరీక్షలు ఆఖరికి నెట్టకుండా ముందే మొదలుపెట్టాలి. మనుషుల మీద జరిగే పరీక్షల్లో నెలసరి గురించి ఒక ప్రశ్న ఉండాలి, దానికి జవాబు చెప్పే అమ్మాయికి తన భాషలో అంగీకార పత్రం ఉండాలి, సంతకం ఆమె ఇంటివాళ్లదై ఉండాలి.

ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రాలు అక్కర్లేదు. బోను మీద అంటించే చీటీలో ఇంకో మాట రాయాలి, పత్రంలో ఇంకో పట్టిక వేయాలి. ఇంత చిన్న పనిని ఇన్నేళ్లు చేయకపోవడానికి ఖర్చు, తీరిక లేకపోవడం, సంప్రదాయం అని రకరకాల కారణాలు చెబుతారు. ఆ కారణాల్ని నైతిక సంఘాల మినిట్సు పుస్తకాల్లో, పేర్లతో సహా, రాయించాలి. కర్త లేని వాక్యాలు ఇక చాలు.